హనీమూన్ హోటల్లో మంచం సంగతి సిగ్గుపడకుండా ముందే అడగండి

ప్రశ్న: అక్కా, మాది పెద్దలు కుదిర్చిన పెళ్లి, మొన్న మాఘమాసంలో అయింది. మే నెలలో హనీమూన్‌కి స్విట్జర్లాండ్, పారిస్ వెళ్తున్నాం, గ్రూప్ టూర్ ప్యాకేజీ, మా మామయ్యగారే డబ్బు కట్టి బుక్ చేయించారు. వోచర్ చూస్తే లూసర్న్ హోటల్ దగ్గర "ట్విన్/డబుల్" అని ఉంది. మా వదిన వాళ్లు ఇలాగే వెళ్తే రెండు సింగిల్ మంచాలు, మధ్యలో ఓ బల్ల ఉన్న రూమ్ ఇచ్చారట, ఉన్నన్ని రోజులూ అలాగే సర్దుకున్నారట. ఏజెంట్‌తో ఈ మాట మాట్లాడాలంటే నాకు సిగ్గు, మామయ్యగారితో అయితే అసలు చెప్పలేను. మా ఆయనేమో "అక్కడికెళ్లాక చూసుకుందాంలే" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– పేరు వెయ్యొద్దన్న పాఠకురాలు, తెనాలి

జవాబు: చెల్లీ, ముందు ఆ సిగ్గు సంగతి చూద్దాం. ఫ్లైట్‌లో వెజ్ మీల్ కావాలని ముందే చెప్పుకుంటాం కదా, ఇదీ అంతే, హోటల్ వాళ్లు రోజూ వినే మాటే, ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడికెళ్లాక చూసుకుందాం అంటే మాత్రం కష్టం, ఎందుకంటే ఏ రూమ్ ఎవరికి అన్నది చాలా హోటళ్లు ఆ రోజు పొద్దున్నే రాసేసుకుంటాయి, మీ బస్సు సాయంత్రం చేరేసరికి మిగిలింది చేతికొస్తుంది.

"ట్విన్/డబుల్" అని రాశారంటే రెండిట్లో ఏదైనా ఇస్తాం అని చెప్పినట్టే. గ్రూప్ టూర్లకి ట్విన్ రూములు ఎక్కువ పడతాయి, వాటిలో అయితే అక్కచెల్లెళ్లైనా తల్లీకూతుళ్లైనా ఫ్రెండ్స్ అయినా ఎవరైనా సర్దుకుంటారు కాబట్టి. ఇక్కడ నువ్వు తెలుసుకోవాల్సింది ఒకటుంది. టూర్ వాళ్లు హోటల్‌కి ముందుగా పంపే పేర్ల పట్టీని రూమింగ్ లిస్ట్ అంటారు, అందులో మీ పేర్ల పక్కన డీబీఎల్ అనో టీడబ్ల్యూఎన్ అనో ఉంటుంది. మొదటిదంటే ఇద్దరికీ కలిపి ఒక మంచం, రెండోదంటే విడివిడిగా రెండు. అక్కడ టీడబ్ల్యూఎన్ ఉందంటే నువ్వు హోటల్‌కి విడిగా ఎంత రాసినా వాళ్లు ఎక్కువగా లిస్ట్ ప్రకారమే పోతారు. అందుకని మీ ఆయన చేత ఏజెంట్‌కి ఇవాళే ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టించు: "రూమింగ్ లిస్ట్‌లో మా ఇద్దరినీ అన్ని ఊళ్లలోనూ డీబీఎల్ కింద పెట్టండి, హోటల్‌కి పంపిన లిస్ట్ స్క్రీన్‌షాట్ మాకు పంపండి." అంతే, సిగ్గుపడాల్సిన మాట అందులో ఒక్కటీ లేదు, మామయ్యగారి దాకా వెళ్లనూ అక్కర్లేదు.

లిస్ట్ సరిగ్గా ఉందని తేలాక వోచర్ మీదున్న హోటల్‌కి నువ్వే ఒక మెయిల్ పెట్టు. బుకింగ్ నంబర్, తేదీలు, పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే మీ ఇద్దరి పేర్లు (పాస్‌పోర్ట్‌లో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉంటే అదే రాయి), కొత్తగా పెళ్లైన జంట అని, ఒకే పెద్ద మంచం కావాలని, దాని వెడల్పు ఎన్ని సెంటీమీటర్లో చెప్పమని అడుగు. చేరడానికి మూడు నాలుగు రోజుల ముందు అదే మెయిల్ మళ్లీ పంపు, వాళ్ల జవాబు ఫోన్‌లో దాచుకో, రాత్రి ఆలస్యంగా చేరేలా ఉంటే ఆ సంగతి కూడా రాయి.

ఇంకొకటి, ఇది తెలియకే చాలామంది కొత్త జంటలు అక్కడ బాధపడతారు. స్విట్జర్లాండ్, జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో డబుల్ బెడ్ అని ఇచ్చినా సరే ఒకే చట్రంలో రెండు పరుపులు పక్కపక్కన పెట్టి ఉండటం మామూలు, ఒక్కోటి 80 లేదా 90 సెంటీమీటర్లు, దుప్పట్లు కూడా ఎవరిది వాళ్లకి విడిగా మడతపెట్టి ఉంటాయి. మీ మాట పట్టించుకోలేదని కాదు, అక్కడి ఇళ్లలో కూడా అలాగే పడుకుంటారు. నన్నడిగితే పెద్దలు కుదిర్చిన పెళ్లిలో, ఒకరి నిద్ర ఒకరికి ఇంకా అలవాటు కాని రోజుల్లో, ఒకే మంచం మీద రెండు దుప్పట్లు ఉండటం చాలా మంచి ఏర్పాటు, ఒకరు దొర్లితే రెండోవాళ్లకి మెలకువ రాదు, దుప్పటి లాక్కోవడాలూ ఉండవు. కానీ మధ్యలో సందు ఇబ్బంది అనుకుంటే మెయిల్‌లోనే "రెండు పరుపులు కాదు, ఒకే పరుపు కావాలి" అని స్పష్టంగా రాయాలి, అది వాళ్ల దగ్గర లేదంటే రెండిటి మీదా పరవడానికి పైపరుపు, పెద్ద దుప్పటి ఉన్నాయేమో అడగాలి.

కొలతల విషయం కూడా చెప్తా, మన ఇంట్లో ఆరడుగుల వెడల్పు మంచం అంటే దాదాపు 183 సెంటీమీటర్లు, అక్కడ 180 అన్నది దానికి సమానం. అయిదడుగుల మంచం అంటే 152, అక్కడి 160 దానికంటే కాస్త ఎక్కువే. పారిస్‌లో పాత చిన్న హోటళ్లలో 140 మంచం ఇప్పటికీ మామూలే, అంటే మనిషికి 70 సెంటీమీటర్లే, ఇద్దరూ సన్నగా ఉంటే గడిచిపోతుందేమో కానీ రోజంతా నడిచి వచ్చి కాళ్లు లాగుతుంటే అందులో నిద్ర పట్టదు, అక్కడ 160 ఉందా అని తప్పకుండా అడుగు. రూమ్‌లోకి వెళ్లగానే సూట్‌కేసులు విప్పకుండా ముందు మంచం చూసుకోండి, తేడా ఉంటే అప్పుడే కిందికెళ్లి మెయిల్ చూపించండి, సామాను సర్దేసి స్నానాలు చేశాక అడిగితే మార్చడం వాళ్లకీ కష్టం మీకూ కష్టం.

ప్రశ్న: మేడమ్, నేనూ మా ఆవిడా ఏప్రిల్‌లో జపాన్ వెళ్తున్నాం, టోక్యోలో హోటల్ సొంతంగా బుక్ చేస్తున్నా. "సెమీ డబుల్, ఇద్దరికి" అని ఉన్న రూమ్ డబుల్ కంటే బాగా తక్కువకి వస్తోంది. తీసుకోవచ్చా? బుకింగ్‌లో స్పెషల్ రిక్వెస్ట్ బాక్స్‌లో పెద్ద మంచం అని రాస్తే సరిపోతుందా?
– ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: తీసుకోవద్దు. సెమీ డబుల్ అంటే 120 సెంటీమీటర్లు, మన లెక్కలో నాలుగడుగులు కూడా లేదు. ఒక్కరికి హాయి, ఇద్దరికి ఇరుకు, పైగా రూమ్ కూడా చిన్నదే అయ్యుంటుంది, రెండు పెద్ద సూట్‌కేసులు తెరిచి పెట్టడానికి చోటుండదు. అక్కడ మామూలు డబుల్ 140 ఉంటుంది, హనీమూన్ కాబట్టి నా మాట విని 160 కానీ 180 కానీ ఉన్న రూమ్ తీసుకోండి, టోక్యోలో రాత్రుళ్లు తగ్గించుకునైనా సరే. జపాన్ హోటళ్లు చాలావరకు మంచం వెడల్పు రూమ్ వివరాల్లోనే రాసేస్తాయి, చదివితే చాలు.

స్పెషల్ రిక్వెస్ట్ బాక్స్‌ని నమ్ముకోకండి, అది వీలుంటే చూస్తాం అన్న మాట మాత్రమే. రూమ్ పేరులోనే ఒక కింగ్ బెడ్ అనో ఒక క్వీన్ బెడ్ అనో ఉన్నది ఎంచుకుంటే అది మీరు కొన్న వస్తువు కింద లెక్క, ఇవ్వకపోతే గట్టిగా అడగొచ్చు. మనుషుల సంఖ్య దగ్గర ఇద్దరు అని తప్పకుండా పెట్టండి, జపాన్‌లో చాలాచోట్ల ధర మనిషికింత అని ఉంటుంది కాబట్టి ఒకరికని బుక్ చేసి ఇద్దరు దిగితే గొడవవుతుంది. క్యోటోలో ర్యోకాన్‌లో, అంటే జపాన్ పాత పద్ధతి సత్రంలాంటి హోటల్‌లో దిగుతుంటే అక్కడ మంచమే ఉండకపోవచ్చు, చాప నేల మీద రాత్రి పూట పరుపులు పరుస్తారు, ఎవరిది వాళ్లకే, కానీ పక్కపక్కనే వేస్తారు కాబట్టి దిగులుపడక్కర్లేదు. నడుం నొప్పి ఉన్నవాళ్లు మాత్రం మంచాలున్న గది కావాలని ముందే రాయాలి.

ప్రశ్న: అమ్మాయ్, మా కూతురికీ అల్లుడికీ తెలియకుండా మాల్దీవులు బుక్ చేద్దామనుకుంటున్నా. మంచం మీద పువ్వులు అవీ వేయించమని ఎవరికి చెప్పాలి? పెళ్లి సర్టిఫికెట్ అడుగుతారా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: పిన్నిగారూ, మాల్దీవుల రిసార్టుల్లో విల్లాలు చాలావరకు జంటల కోసమే కట్టినవి, పెద్ద మంచమే ఎక్కువ ఉంటుంది, అయినా రూమ్ పేరులో కింగ్ బెడ్ అని ఉందో లేదో ఒకసారి చూడండి. పువ్వుల అలంకరణ, కేక్ లాంటివి రిసార్ట్‌కే మెయిల్ పెడితే చాలాచోట్ల హనీమూన్ కానుకగా ఊరికే చేస్తారు, అందుకు చాలామంది పెళ్లి సర్టిఫికెట్ అడుగుతారు, అదీ పెళ్లైన కొన్ని నెలల లోపే అయ్యుండాలంటారు, ఎన్ని నెలలో వాళ్లనే అడగండి. మన రెండు రాష్ట్రాల్లోనూ 2002 చట్టం ప్రకారం పెళ్లి రిజిస్ట్రేషన్ ఎలాగూ తప్పనిసరి కాబట్టి పిల్లల చేత ఇప్పుడే చేయించేయండి. శుభలేఖ కూడా స్కాన్ చేసి ఉంచండి, కొన్నిచోట్ల అది చూపించినా ఒప్పుకుంటారు. తెలియకుండా చేద్దాం అన్నారే, అది మాత్రం వద్దండీ. ఊరు పేరు దాచుకోండి కావాలంటే, తేదీలూ రూమ్ సంగతీ మాత్రం అమ్మాయిని విడిగా పిలిచి ఒక్కమాట అడగండి, పరుపు మెత్తగా కావాలా గట్టిగా కావాలా అన్నది కూడా తనే చెప్తుంది.