పీనియల్ గ్రంథితో చిక్కు తీరుతుందా?

మనస్సు, శరీరం రెండు వేర్వేరు ద్రవ్యాలైతే చెయ్యి ఎత్తాలన్న సంకల్పం చేతిని ఎలా కదిలిస్తుందని, పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ చెప్పిన పీనియల్ గ్రంథితో ఆ చిక్కు తీరినట్లేనా అని మీరు అడిగారు. తీరదనే నా అభిప్రాయం. మెదడు నడుమ ఉన్న ఆ చిన్న గ్రంథి ఆత్మకు ప్రధాన స్థానమని ఆయన 1649లో ప్రకటించిన మాట నిజమే కానీ, గ్రంథి కూడా శరీరంలో భాగమే కనుక, ఆ వివరణ కలయిక ఎక్కడ జరుగుతుందో చెబుతుందే తప్ప ఎలా జరుగుతుందో చెప్పదు.

ఈ సందేహాన్ని ఎంతో సూటిగా లేవనెత్తినది బొహీమియా రాకుమారి ఎలిజబెత్. ఒక వస్తువును కదిలించాలంటే దాన్ని నెట్టాలి, నెట్టాలంటే తాకాలి, తాకడానికి పరిమాణం ఉండాలి. అదేదీ లేని ఆత్మకు ఇది ఎలా సాధ్యమని ఆమె 1643 మే నెలలో డెకార్ట్‌కు లేఖ రాసింది. బరువు అనే గుణం ఏ ఉపరితలంతోనూ నెట్టకుండానే వస్తువును కిందికి దించుతుందని మనం ఊహించుకోవడం లేదా అని ఆయన బదులిచ్చాడు. బరువును గురించిన ఆ ఊహ తప్పని ఆయన భౌతికశాస్త్రమే చెబుతున్నప్పుడు అది ఇక్కడ ఎలా పనికివస్తుందని ఆమె ఎత్తిచూపింది. పదార్థరహితమైన దానికి శరీరాన్ని కదిలించే శక్తి ఉందనడం కంటే ఆత్మకే పదార్థాన్ని, విస్తీర్ణాన్ని ఒప్పుకోవడం తనకు సులువని జూన్‌లో తేల్చి రాసింది. ఆమె వాదనే బలమైనదని నేను నమ్ముతున్నాను.

మనస్సు, శరీరం వేర్వేరనే ఈ ద్వైతాన్నే మీరు సమర్థించదలచుకుంటే, కారణకార్య సంబంధానికి స్పర్శ అక్కరలేదని, నియతంగా ఒకదాని వెంట మరొకటి రావడమే చాలునని స్కాటిష్ తత్వవేత్త హ్యూమ్ మార్గంలో వాదించవచ్చు. అప్పుడు కూడా, భౌతికం కాని మనస్సు శరీరాన్ని కదిలిస్తే బయటినుంచి కొత్త శక్తి వచ్చి చేరినట్లు కాదా అన్న ప్రశ్న మిగులుతుంది కనుక, మొత్తం శక్తి పెరగదు, తరగదు అనే శక్తి నిత్యత్వ నియమానికి విడిగా సమాధానం చెప్పవలసి ఉంటుంది.