పేరును బట్టి స్కాట్లాండ్ వస్తువులేనా?

పేరులో స్కాట్లాండ్ ధ్వనించే నిత్యజీవిత వస్తువులు నిజంగా అక్కడివేనా అని మీరు అడిగారు. ఆ పేరును పైకి చెప్పుకొనేవాటిలో చాలా వరకు బయటివేనని, అసలైన స్కాట్లాండ్ సంతతి మనం గమనించని పేర్లలో ఉందని నా అభిప్రాయం.

స్కాచ్ టేపు అమెరికాది. మిన్నెసోటాలోని త్రీఎం సంస్థలో రిచర్డ్ డ్రూ 1930లో దానిని రూపొందించారు. అంతకు ముందు ఆయన కార్లకు రంగు వేసేవారి కోసం చేసిన టేపుకు అంచుల్లోనే జిగురు ఉండటం చూసి, ఒక పనివాడు, స్కాట్లాండ్ వాళ్లు పిసినారులనే పాత ఎగతాళిని బట్టి, 'స్కాచ్' (స్కాట్లాండ్ రకం) అని ఎత్తిపొడిచాడని చెబుతారు. గిన్నెలు తోమే స్కాచ్‌బ్రైట్ కూడా ఆ సంస్థదే. బటర్‌స్కాచ్‌కు పేరు తెచ్చింది ఇంగ్లండ్‌లోని డాంకాస్టర్ పట్టణం. ఇక చీరల దుకాణాల్లో 'పైస్లీ' అని రాసే మామిడిపిందె బుటా విషయంలో, గ్లాస్గో దగ్గరి పైస్లీ నేతగాళ్లు 19వ శతాబ్దంలో కాశ్మీరు శాలువాలను అనుకరించి నేయడం వల్ల ఆ ఊరి పేరు దానికి అంటుకుంది. వారి నేర్పు గొప్పదే అయినా, మన బుటాను మామిడిపిందె అనడమే న్యాయం.

రోడ్ల ఇంజనీరుగా పనిచేసిన నాకు అన్నిటికంటే ఆత్మీయమైనది కంకర రోడ్డు. మా అంచనాల్లో దానిని డబ్ల్యూబీఎం, అంటే వాటర్ బౌండ్ మెకాడం, అని రాసేవాళ్లం. ఆ మెకాడం 1756లో స్కాట్లాండ్‌లోని ఎయిర్ పట్టణంలో పుట్టిన జాన్ లౌడన్ మెకాడం. 1816లో బ్రిస్టల్ రోడ్ల బాధ్యత చేపట్టిన ఆయన, అడుగున పెద్ద బండలు పేర్చనక్కరలేదని, నేలను పొడిగా ఉంచి పైన కోణాలు తేలిన చిన్న రాళ్లు పరిస్తే బండి చక్రాల ఒత్తిడికి అవే ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయని నిరూపించారు. రాళ్లలో మట్టి కలపడాన్ని ఆయన ఒప్పుకోలేదు, రోలరూ వాడలేదు. నీళ్లు చల్లి, సన్నరాయితో సందులు నింపి, రోలరుతో అణచే మన పద్ధతి తర్వాత వచ్చింది. అయినా ఆయన మూలసూత్రం ఇప్పటికీ చెల్లుతుంది. నల్లరేగడి నేలల్లో పక్క కాలువలు తవ్వని చోట, మెటల్ (మేము కంకరను అలాగే అంటాం) ఎంత మందంగా పరిచినా, అది మొదటి వానాకాలానికే కుంగిపోవడం నేను చూశాను. నీరు బయటికి పోయే దారి ఉన్న చోట, అదే మెటల్‌తో వేసిన రోడ్డు నిలిచింది.