కీర్తనల్లోని ‘సర్‌అప్పీమ్’ అనే హీబ్రూ మాటకు అర్థం ఏమిటి?

మనసును కలవరపెడుతూ ఒకదానిలోంచి ఒకటిగా చీలిపోయే ఆలోచనలని దీని అర్థం. బైబిల్లో ఈ రూపం రెండే చోట్ల ఉంది: కీర్తన 94:19, 139:23. యోబు గ్రంథంలో (4:13, 20:2) దీనికి దగ్గరి రూపం కనిపిస్తుంది. యెహెజ్కేలు 31:5లో దేవదారు కొమ్మలకు వాడిన పదం కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. అందుకే చాలామంది పండితులు ఇందులో కొమ్మలుగా చీలడమనే భావాన్ని చూస్తారు. ఎంత చక్కని పోలిక! ఒక భయం మొదలైతే దానికి ఎన్ని రెమ్మలు పుడతాయో కలత పడిన ప్రతి మనసుకూ తెలుసు.

ఉదాహరణకు 94వ కీర్తన చూడండి. దుర్మార్గులు విధవరాండ్రను, తండ్రిలేనివారిని చంపుతున్నారని కవి మొరపెట్టుకుంటాడు. తనలో ఈ ఆలోచనలు పెరిగిపోయినప్పుడు దేవుని ఆదరణ తన ప్రాణానికి నెమ్మది ఇచ్చిందని 19వ వచనంలో అంటాడు. తెలుగు బైబిల్లో ఇక్కడ ‘విచారములు’ అని ఉంది.

చాలామంది దీన్ని నేరుగా ‘చింత’ అనుకుంటారు. చింతకు హీబ్రూలో వేరే మాట ఉంది: ‘దెఆగా’. సామెతలు 12:25లో మనిషి హృదయాన్ని కుంగదీసేది అదే. సర్‌అప్పీమ్ అవిశ్వాసానికి గుర్తు అనడమూ పొరపాటే. కీర్తనకారుడు వాటిని దాచకుండా ప్రార్థనలోనే చెప్పుకున్నాడు.