ముద్దాయి ఎవరు?

సందేహం: ఈమధ్య ఒక చోరీ వార్తలో ఒకే మనిషిని శీర్షికలో ‘దొంగ’ అనీ, లోపల ‘నిందితుడు’, ‘ముద్దాయి’ అనీ, చివరకు ‘నేరస్థుణ్ణి రిమాండుకు తరలించారు’ అనీ రాశారు. ఇవన్నీ పర్యాయపదాలేనా? నేరం రుజువయ్యేదాకా ఎవరైనా నిర్దోషే అని మాకు పాఠం చెబుతారు. అలాంటప్పుడు ‘నిందితుడు’ అనడమైనా సబబేనా?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, తిరుపతి

సమాధానం: పర్యాయపదాలు కావమ్మా. ఒకే మాట మళ్లీ మళ్లీ రాయకూడదన్న తాపత్రయంలో విలేకరులు న్యాయమూర్తి కంటే ముందే తీర్పు చెప్పేస్తున్నారు. మీరు పంపిన వార్తలో రిమాండు నాటికి విచారణే మొదలు కాలేదు, నేరస్థుడు ఎక్కడి నుంచి వచ్చాడు?

ఈ మాటల్లో నన్ను ఏళ్లుగా వదలనిది ‘ముద్దాయి’. పిలవడం, కోరడం అనే అర్థాలున్న అరబ్బీ ధాతువు నుంచి మన ‘దావా’ వచ్చింది. దావా వేసినవాడు ‘ముద్దయీ’, ఎవరి మీద వేశారో అతడు ‘ముద్దాలేహ్’. ఉత్తరాదిన నేటికీ ‘ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్’ అని ఎత్తిపొడుస్తారు. ఫిర్యాదికి లేని హడావుడి సాక్షికి ఎందుకని దాని భావం. అంటే మూలంలో ముద్దాయి వేలు చూపినవాడు. మన దగ్గరికి వచ్చేసరికి ఆ వేలు ఎవరి వైపు తిరిగిందో అతడే ముద్దాయి అయ్యాడు. నోరు తిరగని ‘ముద్దాలేహ్’ అరిగి అరిగి పొట్టి మాటలో కలిసిపోయిందేమోనని నా ఊహ, పందెం మాత్రం కాయను. ఇలాంటి తలకిందులు మనకొక్కరికే జరగలేదు. చిత్తూరు నుంచి పలమనేరు దాటి కోలారు చేరి అక్కడి కన్నడ పత్రిక తెరవండి, నిందితుణ్ణి ‘ఆరోపి’ అంటారు, హిందీవారూ అంతే. వ్యుత్పత్తి ప్రకారం ఆరోపించేవాడు ఆరోపి, ఆ ఆరోపణ మోసేవాడు ‘ఆరోపితుడు’. ఆరోపణకు నాటడమనే అర్థమూ ఉంది. బ్రహ్మోత్సవాల ముందురోజు రాత్రి పాలికల్లో నవధాన్యాలు చల్లే అంకురార్పణకు ‘అంకురారోపణం’ అనే పేరుండడం తిరుపతివారికి నేను చెప్పనక్కర్లేదు. విత్తిన రాత్రే కోత కోసినట్టు రాయడం మాత్రం పత్రికలకే చెల్లింది.

ఇక ‘నిందితుడు’. నింద పడినవాడని తప్ప, ఆ నింద నిజమని ఈ మాట చెప్పదు. శ్యమంతకమణి కథలో కృష్ణుడు నిందితుడే, దోషి కాడు. అయితే అడవులు గాలించి, జాంబవంతుడితో పోరాడి మణిని తెచ్చి తన నిర్దోషిత్వాన్ని తానే రుజువు చేసుకోవలసి వచ్చింది. ‘తప్పు చేయకపోతే కాణిపాకంలో ప్రమాణం చెయ్’ అని మన పల్లెల్లో నిలదీయడమూ ఆ దారిలోనిదే. చట్టం దారి వేరు. కొన్ని ప్రత్యేక చట్టాల్లో మినహాయింపులున్నా, రుజువు భారం సాధారణంగా ఆరోపించినవారిదే. 1872 నాటి సాక్ష్య చట్టం 101వ సెక్షన్‌లోని ఈ సూత్రం, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 104వ సెక్షన్‌గా కొనసాగుతోంది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యమివ్వాలని నిందితుణ్ణి బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20(3) అధికరణం అంటుంది.

‘దోషి’ తీర్పు వచ్చాక పుట్టే మాట. ‘నేరస్థుడు’ దేశ్యమైన నేరానికి సంస్కృతపు ‘స్థ’ అతికించిన మాట. సమాసం సంగతి క్షమించినా సమయం సంగతి క్షమించలేం. ‘దొంగ’ శీర్షికలో ఇమిడే మాట గనుక వాడతారు, అంతకు మించి దానికి సమర్థన లేదు.

కనుక తీర్పుదాకా ‘నిందితుడు’ అనే రాయవచ్చు. అందులో మచ్చ వినిపిస్తోందన్న మీ అనుమానాన్ని కొట్టిపారేయలేను. ‘ఆరోపితుడు’ అంతకంటే శుభ్రమైన మాటే, వాడేవారే లేరు. ‘ముద్దాయి’ కోర్టు తెలుగులో పాతుకుపోయింది, పెకలించమని నేను అనను. కింది కోర్టు శిక్ష వేసి, అప్పీలు పైకోర్టులో నడుస్తున్న మనిషిని ఉత్త ‘దోషి’ అనడానికి మాత్రం నా కలం కాస్త వెనకాడుతుంది. ‘కింది కోర్టు దోషిగా తేల్చిన’ అని పొడుగ్గా రాయడమే నయమనిపిస్తుంది, శీర్షికలు పెట్టేవారు ఒప్పుకుంటే.