సింగపూర్‌లో తెలుగు పిల్లలు బడిలో "మాతృభాష"గా తమిళమో హిందీయో ఎందుకు చదువుతారు?

ఎందుకంటే అక్కడ "మాతృభాష" అంటే ఇంట్లో మాట్లాడే భాష అని కాదు, ప్రభుత్వం మీ జాతికి కేటాయించిన భాష అని. చైనీయులకు మాండరిన్, మలయులకు మలయ్, భారతీయులకు తమిళం. ఇంగ్లిష్‌తో కలిపి ఈ నాలుగే అధికార భాషలు. 1966 నుంచి హైస్కూళ్లలో రెండో భాష తప్పనిసరి అయింది. 1987 నాటికి బళ్లన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చేశాయి.

మనకే ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. చైనీయుల ఇళ్లలో చాలామంది మాట్లాడింది హొక్కియెన్, టియోచ్యూ, కాంటొనీస్. 1979లో ప్రభుత్వం మాండరిన్ ప్రచారం మొదలుపెట్టి వాటిని పక్కకు నెట్టింది. దాంతో నాయనమ్మకూ మనవడికీ మధ్య మాటే కరువైన ఇళ్లున్నాయి. నా లెక్కన అసలు నష్టం అదే.

తమిళులు కాని భారతీయుల కోసం తర్వాత హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూలకు అవకాశమిచ్చారు. ఆ జాబితాలో తెలుగు లేదు. ఆరో తరగతి చివర్లో రాసే పీఎస్‌ఎల్‌ఈ (ప్రైమరీ బడి ముగింపు పరీక్ష)లో ఉండేవి నాలుగే సబ్జెక్టులు, అందులో మాతృభాష ఒకటి. కాబట్టి మార్కుల టెన్షన్ మామూలుగా ఉండదు. పిల్లాడు వంటింట్లో "అమ్మా, ఆకలేస్తోంది" అంటాడు. నోటుబుక్కులో మాత్రం "ముఝే భూఖ్ లగీ హై" అని రాస్తాడు. చాలామందికి ఈ హిందీ క్లాసులు కూడా శనివారం, వేరే సెంటర్లో.

ఇక తెలుగు అక్షరాలంటారా, అవి ఇంట్లో అమ్మానాన్నలు దిద్దించాల్సిందే.