తాళం చెవులు తీసుకునే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నిన్న ఫోన్లో నీ మాటలు విన్నాక నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. పోయిన నీ స్నేహితుడు తన ఇద్దరు పిల్లల కోసం ఆస్తిని ట్రస్టుగా రాసి, దాన్ని వాళ్ళ తరఫున చూసుకునే ట్రస్టీగా తన తమ్ముడితో పాటు నిన్నూ పెట్టాడంటే నీ మీద గురి ఉన్నట్టే. కానీ మనవాళ్ళకు ట్రస్టీ అనగానే గుడి ధర్మకర్త, మెడలో శేషవస్త్రం గుర్తొస్తాయి. ఇది అది కాదు. దేవాదాయ శాఖకు ఇందులో పనే లేదు. ఇది ప్రైవేటు ట్రస్టు, దీనికి వర్తించేది 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం.

ముందు దస్తావేజు నకలు తెచ్చుకుని రెండుసార్లు చదువు. ఇష్టం లేకపోతే ఇప్పుడే వద్దనొచ్చు, ఎవరూ బలవంతపెట్టలేరు. ఒప్పుకున్నాక మధ్యలో వదిలేయడం తేలిక కాదు. దస్తావేజులో ఆ వీలు రాసి ఉండాలి, లేదా కోర్టు అనుమతి కావాలి. పిల్లలు మేజర్లయి ఉంటే వాళ్ళు సరేనన్నా చాలేది, వాళ్ళింకా బడికెళ్తున్నారు. ఒప్పుకోవడమంటే సంతకమే పెట్టక్కర్లేదు. ట్రస్టీ హోదాలో ఒక నెల అద్దె వసూలు చేసినా ఒప్పుకున్నట్టే అవుతుంది.

ఇక ట్రస్టు ఆస్తిలో ఖాళీగా ఉన్న ఆ షట్టరు, అదే ఆ దుకాణం గది సంగతి. "మార్కెట్ రేటు ఇచ్చి నేనే తీసుకుంటే తప్పేంటి మావయ్యా" అన్నావు. నిజాయితీగానే అడిగావు, అయినా కుదరదు. 53వ సెక్షన్ తీసి చూడు. ట్రస్టు ఆస్తిని ట్రస్టీ కొనకూడదు, తాకట్టు పట్టకూడదు, అద్దెకూ తీసుకోకూడదు. కోర్టు అనుమతిస్తే తప్ప. పిల్లలకు లాభమని స్పష్టంగా తేలితేనే కోర్టు ఆ అనుమతి ఇస్తుంది. ఎందుకంటావా? పిల్లల తరఫున అద్దె చెప్పేదీ నువ్వే, తగ్గించమని బేరమాడేదీ నువ్వే. వచ్చే ఏడాది రెండు వేలు పెంచాల్సి వస్తే ఎవరితో పోట్లాడతావు?

ఆ రెండో ట్రస్టీ, అదే నీ స్నేహితుడి తమ్ముడు, "ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చెయ్, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడట. మంచివాడే కావచ్చు. కానీ దస్తావేజులో వేరేగా లేకపోతే ట్రస్టీలందరూ కలిసే పని చెయ్యాలి. డబ్బు అతని చేతికి వదిలేసి, ఎటు పోయిందో నువ్వు అడక్కపోతే, అతని తప్పుకు నువ్వూ కట్టాల్సి వస్తుంది.

నీకెప్పుడూ చెప్పని సంగతొకటి. మా పిన్ని మనవరాలి ట్రస్టుకు నేను ట్రస్టీగా ఉన్న రోజుల్లో, ట్రస్టు ఖాతా ఉన్న బ్యాంకు ఊరికి ఆ చివర ఉందని బద్ధకించి, ఎనిమిది నెలల అద్దె నా ఖాతాలోనే వేసుకున్నాను. ఒక్క రూపాయి తినలేదు. ఆ పిల్ల డిగ్రీలో చేరాక "లెక్కలు ఒకసారి చూపిస్తారా పెదనాన్నా" అంది. అడిగే హక్కు దానికుంది. నా పాస్‌బుక్కులో పింఛను, కరెంటు బిల్లు, మీ అత్తయ్య మందులు, వాటి మధ్యలో దాని అద్దె. నాలుగు రాత్రులు ఎర్ర పెన్నుతో గీతలు కొడుతూ కూర్చున్నాను. చివరికి 640 రూపాయలు తేలలేదు, నా జేబులోంచి వేశాను. "పర్లేదులే పెదనాన్నా" అంది, నా మొహం చూడకుండా.

అందుకని ఒప్పుకుంటే మొదటి వారంలోనే ట్రస్టు పేర పాన్ కార్డు, విడిగా ఖాతా. పొడుగు నోటుబుక్కు ఒకటి కొని ఏ రోజు జమా ఖర్చు ఆ రోజే రాయి, రసీదు పక్కనే అతికించు. ఆస్తి పన్ను, రిపేర్ల ఖర్చు ట్రస్టులోంచి తీసుకోవచ్చు. నీ కష్టానికి జీతం మాత్రం దస్తావేజులో రాస్తేనే. పిల్లల డబ్బు చీటీల్లో పెట్టొద్దు, తెలిసినవాళ్ళే కదా అని రెండు రూపాయల వడ్డీకీ తిప్పొద్దు. దస్తావేజు ఎక్కడ పెట్టమంటే అక్కడ, అది ఏమీ చెప్పకపోతే చట్టం ఒప్పుకున్న చోట్ల. అక్కడ వడ్డీ తక్కువని మీ వాళ్ళు నవ్వితే నవ్వనీ.

ఆదివారం రా, దస్తావేజు తీసుకురా. ఇద్దరం కూర్చుని చదువుదాం. అందాకా షట్టరు తాళాలు ఆ తమ్ముడి దగ్గరే ఉండనీ.

మీ మావయ్య