రుద్రమదేవి మీద గ్రూపు పరిశోధన: అమ్మాయికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

తొమ్మిదో తరగతి పిల్లల చేత రుద్రమదేవి మీద గ్రూపు పని చేయిస్తానని రాశావు. మంచి ఎంపిక. ఆమె గురించి తెలిసింది కొంచెం, అనుకున్నది చాలా. ఆ రెంటినీ విడదీయడమే పిల్లలకు పని. అది కుదిరితే మిగతా చరిత్ర పాఠాలన్నిటికీ పనికొస్తుంది.

మొదటి జాగ్రత్త. "ఒక గ్రూపుకి బాల్యం, ఒకరికి యుద్ధాలు, ఒకరికి కట్టడాలు" అని పంచకు. అలా పంచితే ఎనిమిది చార్టులు గోడెక్కుతాయి, ఎవరికీ ఏమీ అర్థం కాదు. పక్క గ్రూపు ఏం రాసిందో చదవాల్సిన అవసరం ఎవరికీ రాదు. ఆధారాలు ఒకదానితో ఒకటి పేచీ పడే ప్రశ్నలు ఇవ్వు. నీ దగ్గర నలభై మంది ఉన్నారు కదా, ఐదుగురేసి ఎనిమిది గ్రూపులు చెయ్యి. ప్రశ్నలు నాలుగే ఉండాలి. ఒక్కో ప్రశ్న రెండు గ్రూపులకు ఇవ్వు, ఆ సంగతి మాత్రం వాళ్లకు ముందే చెప్పకు. చివర్లో ఒకే ప్రశ్నకు రెండు జవాబులు ఎదురుపడ్డప్పుడు తరగతి దానంతటదే లేచి కూర్చుంటుంది.

నాలుగు ప్రశ్నలు ఇవి పెట్టుకో. రుద్రమదేవి ఆమెకు ముందు పాలించిన కాకతీయ రాజు గణపతిదేవుడికి ఏమవుతుంది? శాసనాల్లో ఆమెకు మగపేరు ఎందుకుంది? ఆమె ఎప్పుడు, ఎలా చనిపోయింది? మోటుపల్లి రేవు వల్ల కాకతీయులకు ఏం ఒరిగింది?

ఇప్పుడు ఆధారాల కాగితాలు. గ్రూపుకి మూడు చాలు, ఒక్కోటి అర పేజీ మించకూడదు. పేజీలకు పేజీలు జిరాక్స్ ఇస్తే గ్రూపులో ఒకడు చదువుతాడు, నలుగురు కిటికీలోంచి చూస్తారు. మొదటి ప్రశ్నకి మల్కాపురం శాసనంలోని సంబంధిత భాగం (శక 1183, అంటే 1261), ఇటలీ యాత్రికుడు మార్కో పోలో రాసిన పేరా, తర్వాతి కాలంలో పుట్టిన చరిత్ర కథల్లోంచి నాలుగు వాక్యాలు ఇవ్వు. శాసనం ఆమెను గణపతిదేవుడి కూతురంటుంది. మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని చనిపోయిన రాజు భార్య పాలిస్తోందని రాశాడు, పేరు చెప్పలేదు. తర్వాతి రచనలు కొన్ని కూడా భార్యే అన్నాయి. పిల్లలు వెంటనే "రెండు ఒకటి అన్నాయి కాబట్టి భార్యే" అని ఓట్లు లెక్కపెడతారు. అక్కడ ఆపి అడుగు: ఈ మూడింటిలో ఎవరు దగ్గరున్నారు? ఎవరు విని రాశారు? గణపతిదేవుడూ రుద్రమా ఇచ్చిన దానాన్ని చెక్కిన రాయికీ, రేవులో విన్న మాటకీ ఒకే తూకం వెయ్యొచ్చా? ఈ ప్రశ్నలకు పదిహేను నిమిషాలు పోయినా పరవాలేదు. ఆధారాలను తూచాలి తప్ప లెక్కపెట్టకూడదని అప్పుడే తెలుస్తుంది.

మార్కో పోలో కాగితంలో ఇంకో పని ఉంది, దాన్ని లెక్కల పీరియడ్‌లా చేయించు. ఆ రాణి నలభై ఏళ్లుగా పాలిస్తోందని అతను అన్నాడు. అతను ఈ తీరం దాటింది 1290ల మొదట్లో. రుద్రమ పాలనకు మనవాళ్లు చెప్పే మొదలు దాదాపు 1262. తీసివేత చెయ్యమను. ముప్పై వస్తుంది, నలభై రాదు. పైగా చందుపట్ల శాసనం ప్రకారం 1289 కల్లా ఆమె లేదు. దీంతో మార్కో పోలో అబద్ధాలకోరని పిల్లలు తేల్చేస్తారు, అలా తేల్చనివ్వకు. ఆడమనిషి పాలన సంగతి, వజ్రాల సంగతి, సన్నని బట్టల సంగతి అతను విన్నాడు కదా. ఒకే సాక్షి ఒక విషయంలో తప్పి, ఇంకో విషయంలో ఒప్పవచ్చు. పదిహేనేళ్ల వాళ్లకి ఇది జీర్ణం కావడానికి కాస్త టైం పడుతుంది.

మూడో ప్రశ్న, అంటే మరణం, అన్నిటికంటే రుచిగా ఉంటుంది. అందుకే దాన్ని కాస్త చురుకైన గ్రూపులకివ్వు. నల్లగొండ జిల్లా చందుపట్లలోని ఆ శాసనం చిన్నది. పువ్వుల ముమ్మడి అనే అతను రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని గుడికి భూమి ఇచ్చాడు. తేదీ శక 1211, మార్గశిర మాసం. చరిత్రకారులు దాన్ని 1289 నవంబర్ 27గా లెక్కకట్టారు. ఇంతే ఉంది. ఇద్దరి పేర్లూ కలిపి చెప్పింది, ఎలా చనిపోయారో చెప్పలేదు. కాకతీయుల సామంతుడు కాయస్థ అంబదేవుడి తిరుగుబాటు, త్రిపురాంతకంలో అతను 1290లో చెక్కించుకున్న గొప్పలు పక్కన పెట్టుకుని, ఆ పోరులోనే ఆమె చనిపోయి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు. బలమైన ఊహే, కానీ ఊహ. పిల్లల చేత కాగితం మీద మూడు గళ్లు గీయించు: రాయి చెప్పింది, వేరేవాళ్లు చెప్పింది, మనం ఊహించింది. "యుద్ధంలో చనిపోయింది" అనే వాక్యం ఏ గడిలో పడాలో గ్రూపు కొట్టుకోవాలి. మొదటి గడిలో రాసేస్తే "శాసనంలో ఆ మాట ఎక్కడుంది, వేలు పెట్టి చూపించు" అను. దొరకదు. అప్పుడు వాళ్లే చెరిపి మూడో గడిలో రాస్తారు. ఆ చెరిపిన గుర్తు కాగితం మీద ఉండనీ, మళ్లీ నీటుగా రాసుకురమ్మనకు.

శక సంవత్సరాల్ని ఇంగ్లీషు సంవత్సరాల్లోకి మార్చడంలో పిల్లలు తప్పకుండా తడబడతారు. చైత్రం నుంచి లెక్కైతే 78 కలపాలి. పుష్యం నుంచి ఫాల్గుణం దాకా జనవరి దాటే అవకాశం ఉంది, అప్పుడు 79. నెల చూడకుండా కలిపేస్తే ఏడాది తేడా వస్తుంది. సంవత్సరం పేరుతో సరిచూసుకోవడం నేర్పు. శక 1211 విరోధి. విరోధి మళ్లీ 2009 ఉగాదికి వచ్చింది. రెండింటి మధ్య 720, అంటే సరిగ్గా పన్నెండు అరవైలు. పంచాంగం చరిత్రకి ఇలా పనికొస్తుందని తెలిస్తే లెక్కలంటే ఇష్టమున్న పిల్లలు ఇక వదలరు.

మగపేరు ప్రశ్న తేలిక అనుకోకు. శాసనాల్లో "రుద్రదేవ మహారాజు" అని ఉంటుంది. ఆమె మనవడు ప్రతాపరుద్రుడి కాలంలో విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయం, గణపతిదేవుడు కూతుర్నే కొడుకుగా ఎంచి ఆ పేరు పెట్టాడని చెబుతుంది. అయితే అదే కుటుంబంలో ఆమెకు ముందు రుద్రదేవుడనే రాజు ఉన్నాడు, హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163లో కట్టించింది ఆయనే. పేరు చూసి ఇద్దర్నీ కలిపేసి, గుడిని రుద్రమ ఖాతాలో వేసే గ్రూపు ఒకటి తప్పకుండా ఉంటుంది. కాబట్టి కాగితాలు చదివి ఎవరికి వారు రాసే కార్డు మీద ప్రతి పేరు పక్కనా సంవత్సరం రాయాల్సిందేనని ముందే నియమం పెట్టు.

మోటుపల్లి గురించి ఎక్కువ రాయను. గణపతిదేవుడి 1244 నాటి అభయ శాసనం ఇస్తే చాలు. అంతకుముందు రాజులు తుఫానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కునేవారనీ, తాను సుంకం తప్ప ఏమీ తీసుకోననీ అందులో ఉంది. అప్పుడు ఓడలకు ఎందుకు ధైర్యం వచ్చిందో పిల్లలే చెబుతారు.

కాలం ఎంతంటావా, పది పీరియడ్లు పెట్టుకో, మూడు వారాల్లో సర్దు. మొదటిది ప్రశ్నలకూ గ్రూపులకూ. తర్వాత నాలుగు కాగితాలు చదివి కార్డులు రాయడానికి. రెండు గ్రూపులో వాదించుకోవడానికి, ఒకటి జంట గ్రూపులు ఎదురెదురుగా కూర్చోవడానికి, మిగిలిన రెండు అందరి ముందు చెప్పడానికి. ఇంటికి పని ఇవ్వకు. ఇంటికెళ్తే ఫోన్లో కాపీ కొట్టుకొస్తారు, లేదా నాన్న రాసిస్తాడు.

గ్రూపులో ఒక్కరే అంతా చేసి మిగతావాళ్లు పేరు రాయించుకునే జబ్బుకి మందు మార్కుల్లో ఉంది. 25 మార్కులనుకో. 10 ఎవరి కార్డుకి వారివి, 10 నోటి ప్రశ్నలకి, గ్రూపు కాగితానికి 5 మాత్రమే. నోటి ప్రశ్నలప్పుడు ఎవరు లేవాలో నువ్వే చెప్పు. చీటీ తీసినా సరే. ఎవరు లేస్తారో తెలియకపోతే ఐదుగురూ చదువుతారు. చార్టుకి మార్కులు వద్దు. స్కెచ్ పెన్నుల మీద పోయే రెండు పీరియడ్లు మిగులుతాయి.

ఇంకో రెండు. "మహావీర, అపర కాళి" లాంటి మాటలు కార్డుల్లో కనిపిస్తే గీత పెట్టి "ఏ ఆధారం?" అని పక్కన రాయి, మందలించకు. సినిమా చూసిన పిల్లలు దాన్నే చరిత్రగా తెస్తారు. దాన్నీ ఒక ఆధారంగా పెట్టి మూడు గళ్లలోకి విడదీయమను, తరగతి నవ్వుతూ చేస్తుంది. కులం మాట తెచ్చి "మావాళ్లే" అనే గొడవ వస్తే, ఆధారం చూపించమని అడుగు, అక్కడితో ఆపు. పెద్దవాళ్ల గొడవ పిల్లల బెంచీల మీదికి రానివ్వకు.

వరంగల్ కోటకి తీసుకెళ్లాలని ఉంటే చివర్లో తీసుకెళ్లు, ముందు కాదు. ముందే వెళ్తే ఫొటోలు దిగి వస్తారు. కార్డులు రాసి వెళ్తే తోరణాలు నాలుగూ ఎటువైపు ఉన్నాయో, రాతి గోడ బయట మట్టి గోడ, దాని చుట్టూ కందకం ఎందుకో వాళ్లే అడుగుతారు. ఒక్కో గ్రూపుకీ ఒక్క ప్రశ్న చేతికిచ్చి, జవాబు అక్కడే నిలబడి రాయించు.

చందుపట్ల పాఠం పెద్ద అక్షరాల్లో జిరాక్స్ తీయించు. పాత తెలుగు మాటలకు అర్థాలు కింద రాయి, పక్కన రాయకు. పక్కనుంటే మూలం చదవకుండా అర్థమే చదివేస్తారు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు